బ్యాటరీకి బాయిలర్ రూలు

బోధన్
22 ఆగస్టు 2005

మేనకోడలు స్వరూపకు,

మామ భోజన్న బాగున్నడు, అత్త అంజవ్వ బాగున్నది, రాఖీ పున్నమకు వచ్చి నువ్వు ఇచ్చిపోయిన సెల్‌ఫోను మా ఇద్దరికంటే బాగున్నది.

ఫోను ఇచ్చినంక ఉత్తరమెందుకు అంటవు. మొన్న నువ్వు ఫోను చేస్తే పది నిమిషాలు మాట్లాడినం గద. అంతట్లనే బ్యాటరీ గీతలు మూడు నుంచి రెండుకు పడ్డయి. నువ్వు ఏం చెప్పినవో నాకు ఒక్క ముక్క యాదిలేదు. నా కన్ను గీత మీదనే ఉన్నది. చక్కెర ఫ్యాక్టరీల ముప్పై ఎనిమిదేండ్లు బాయిలర్ అటెండెంటుగ చేసినోణ్ణి, గేజు పడిపోతుంటే ముచ్చట పెట్టుడు నాతోని కాదు. అందుకే అసలు సంగతులు ఉత్తరంల రాసుకుందాం.

ఫోనుకు లాగ్ బుక్కు పెట్టిన. పాత డైరీల గీతలు కొట్టి గంటకోసారి రాస్తున్న. నమూనా చూడు: ఉదయం 6, గీతలు 3, చేతికి చల్లగ, రిమార్కులు లేవు. ఉదయం 7, గీతలు 3, చల్లగ, రిమార్కులు లేవు. ఉదయం 8, గీతలు 3, గోరువెచ్చగ, రిమార్కు: అంజవ్వ నడుముకు చెక్కుకున్నది. మీ అత్త పొద్దంత బీడీలు చేసుకుంట నన్ను జూసి నవ్వుతది. "రిటైరయి ఏడేండ్లాయె, ఈ మనిషి ఇంకా బాయిలర్ దిగకపాయె" అని ఇంటికొచ్చినోళ్ళందరికి చెప్తది. చెప్పనీ.

ఒక్క సంగతి అడగాలె. మా గల్లీ రాజమల్లు నిన్న అరుగు మీద అందరి ముందల, "నీ మేనకోడలు పుణెల ఏం పని చేస్తదే?" అన్నడు. ఇంజినీరన్న. "ఇంజినీరయితే ఏం చేస్తదే?" అన్నడు. నా ఇంట్ల ఉండి చదువుకున్న పిల్ల ఏం చేస్తదో నాకే తెల్వదంటే ఎంత నామోషీ! వివరంగ రాయి.

ఇప్పుడు గీతలు రెండు. ఇగ ఉంట.

మామ
భోజన్న


పుణె
1 సెప్టెంబర్ 2005

మామా,

నీ లాగ్ బుక్కు సంగతి మా ల్యాబులో చదివి వినిపించాను. మా పెద్దసారు నవ్వలేదు. "ఆ మనిషిని ఇక్కడికి రమ్మను" అన్నాడు. అత్తకు ఈ మాట చెప్పు.

నా ఉద్యోగం ఏమిటంటే, రోజంతా బ్యాటరీలను చంపడం. నిజంగా! మేకు కొడతాం. మరలో పెట్టి నలగ్గొడతాం. పొయ్యిలో పెట్టి కాలుస్తాం. పట్టేదానికంటే ఎక్కువ కరెంటు తాగిస్తాం. ఏది తట్టుకుందో ఏది తట్టుకోలేదో రాసి నేను సంతకం పెడతాను. నా సంతకం లేనిదే ఆ రకం బ్యాటరీ బజారుకు పోదు. రాజమల్లుకు ఈ మాట గట్టిగా చెప్పు, వీలైతే రెండుసార్లు.

నీ ఫోనులో ఉన్నది లిథియం బ్యాటరీ. విప్పి చూస్తే ఒక రాగి రేకు, ఒక అల్యూమినియం రేకు, వాటికి పూసిన మందులు, రెండింటి మధ్య ఉల్లిపొర కన్నా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటాయి. అన్నీ కలిపి గట్టిగా చుట్టి ఒక ద్రవంలో నానబెడతారు. అచ్చం అత్త బీడీ చుట్టినట్టే. ఆ పల్చటి పొర చిరిగిందా, రెండు రేకులూ ఒకదానికొకటి తగిలి లోపలే వేడి పుడుతుంది. ఆ ద్రవమేమో పెట్రోలుకు చెల్లెలు.

భయపడకు. నేనిచ్చిన చార్జరే వాడు, వేడి తగిలే చోట పెట్టకు, చాలు. అమ్మ జక్రాన్‌పల్లిలో బాగానే ఉంది. ఇక్కడ వాన వదలడం లేదు, నా బట్టలు నాలుగు రోజులుగా తాడు మీదే ఉన్నాయి.

నీ
స్వరూప


బోధన్
10 సెప్టెంబర్ 2005

స్వరూపా,

నీ ఉత్తరం గల్లీల నాలుగుసార్లు చదివిన. అయిదోసారి రాజమల్లును ఇంటికి పిలిచి, చాయ పోసి మరీ చదివిన. సంతకం కాడికి వచ్చినంక ఆగి ఆయన మొఖం చూసిన. ఎంత తృప్తయిందో చెప్పలేను.

బిడ్డా, నువ్వు చేసేది ఇన్‌స్పెక్షను! ఇంత సీదా మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదు? మా బాయిలర్‌ను ఏడాదికోసారి చల్లార్చి, కడుపునిండ నీళ్ళు పోసి, నడిచే ప్రెషరుకు ఒకటిన్నర రెట్లు ఎక్కించి చూసేటోళ్ళు. ఇన్‌స్పెక్టరు చిన్న సుత్తెతోని టంగు టంగున కొట్టి చెవి పెట్టి వినేటోడు. పాసయితేనే సర్టిఫికెట్టు. మీరు మేకు కొడతరు, అంతే తేడా. ఇప్పుడు నాకొక అనుమానం. మనింట్ల ఉన్న బ్యాటరీకి సర్టిఫికెట్టు ఏది? డబ్బల చూసిన, పుస్తకంల చూసిన. దొరకలేదు.

లోపల ఉన్నది బీడీ అని చెప్పినవు గద, అప్పటినుంచి ఫోనును మీ అత్త తన చేతిలకు తీసుకున్నది. "ఆకు ఎండితె పలుగుతది, నాకు తెల్వదా?" అని తునికాకు కట్టే తడిగుడ్డ పక్కపొంటి ఇంకో తడిగుడ్డ పెట్టి ఫోనును అండ్ల చుడుతున్నది. వేడెక్కినప్పుడు బాగ పనికొస్తున్నది కూడ.

వేడెందుకంటవా? నువ్విచ్చిన చార్జరు వైరు ఎలుక కొరికింది. బస్టాండు కాడ రేడియోలు బాగుచేసే మన మొయినుద్దీన్ ఉన్నడు గద, నాతోని ఫ్యాక్టరీల ఫిట్టరుగ చేసినోడు, పాత టేప్‌రికార్డరు డబ్బతోని కొత్త చార్జరు తయారుచేసిచ్చిండు. ఏం చార్జరు! మూడు గంటల పని ఒక్క గంటల అయితున్నది. "భోజన్న భాయ్, నీ ఫోను పహిల్వాన్ అయితది సూడు" అన్నడు. అన్నట్టే అయింది. బ్యాటరీ బాగ ఒళ్ళు చేసింది. నడుమ పొట్ట వచ్చింది. మీ అత్త మురిసిపోతున్నది: "మనింట్ల తిండికి తక్వలేదు" అని. ఎనక మూత పడుతలేదు. బీడీ దారంతోని ఎనిమిది చుట్లు చుట్టి గట్టిగ ముడేసినం.

లాగ్ బుక్కుల "పొట్ట" అని కొత్త గడి కలిపిన.

మామ
భోజన్న


పుణె
18 సెప్టెంబర్ 2005

మామా,

పని మీద ఊరికి పోయి నిన్న తిరిగొచ్చి నీ ఉత్తరం చూశాను. అప్పటినుంచి ఫోను చేస్తూనే ఉన్నాను. స్విచ్ఛాఫ్ అంటోంది. ఎందుకు ఆపావు?

అది ఒళ్ళు చేయడం కాదు మామా! జబ్బు. మొయినుద్దీన్ చాచా చార్జరు దానికి పట్టేదానికంటే ఎక్కువ కరెంటు తాగించింది. లోపల ద్రవం చెడిపోయి గ్యాసు పుట్టింది. ఆ గ్యాసుకే పొట్ట వచ్చింది. అలా ఉబ్బిన బ్యాటరీ ఎప్పుడు అంటుకుంటుందో ఎవరూ చెప్పలేరు.

ఈ వాక్యం దగ్గర లేచి ఆ చార్జరు పీకెయ్యి. దారం కోసి బ్యాటరీని నెమ్మదిగా బయటికి తియ్యి. నొక్కొద్దు, వంచొద్దు. సూదితో గానీ పిన్నుతో గానీ పొడవొద్దు. తడిగుడ్డ అసలే వద్దు. పొడి ఇసుక ఉన్న ఇనుప బకెట్‌లో పెట్టి ఇంటికి దూరంగా ఉంచు. పక్కన తునికాకు లేకుండా చూడు. చేశాక నాకు రాయి.

అత్తకు బీడీ అని చెప్పిన నా నోటికి తాళం వెయ్యాలి.

స్వరూప


బోధన్
24 సెప్టెంబర్ 2005

స్వరూపా,

గ్యాసని రాసినవు. గ్యాసంటే ప్రెషరు. ప్రెషరని నేను పది రోజుల కిందనే లాగ్ బుక్కుల రాసిన. పేజీలు ఈ ఉత్తరంతోని పంపుతున్న, నీ సారుకు చూపించు. మామ చదువుకోలేదు గని గేజు లేకున్నా ప్రెషరు కనిపెట్టిండని చెప్పు.

చార్జరు పీకిన. దారం కోసిన. ఫోను ఎందుకు ఆపినవని అడిగినవు. ఇదేం ప్రశ్న బిడ్డా? ఇన్‌స్పెక్షనుకు ముందు బాయిలర్‌ను చల్లార్చరా? వేడి మీద ఉన్నదాన్ని ఏ ఇన్‌స్పెక్టరన్న ముట్టుకుంటడా?

అవును, ఇన్‌స్పెక్షను పెట్టుకున్నం. దసరా నాడు, పన్నెండో తారీఖు, పొద్దున తొమ్మిది గంటలకు, మా ఇంటి ముందల. ఆయుధపూజ కూడ అప్పుడే. ముప్పై ఎనిమిదేండ్లు దసరాకు బాయిలర్ ముందల గుమ్మడికాయ కొట్టినోణ్ణి, రిటైరయినంక పూజ చేసెటందుకు ఇంట్ల ఒక్క మిషను లేకుండె. ఈ ఏడు ఉన్నది. ముందు పూజ, తర్వాత మేకు. బ్యాటరీని రాతి మీద పెట్టి మొయినుద్దీన్ పట్టుకారుతోని పట్టుకుంటడు, నేను కొడత. సుట్టూ ముగ్గుపిండితోని గీత గీస్తం, పోరగాళ్ళు దాటకుండ. గల్లీ అంతా వస్తున్నరు. ఎనక గల్లీ కూడ వస్తదట.

నీ మొదటి ఉత్తరంల మేకు కొడతమన్నవు. రెండో ఉత్తరంల సూదితోని, పిన్నుతోని పొడవొద్దన్నవు. నేను రెండూ కలిపి చదువుకున్న. సన్నపు సామాను పనికిరాదని అర్థమయింది. మేకే వాడుతం. గ్యాసు కూడ బయటికి పోతది, సేఫ్టీ వాల్వు పెట్టినట్టయితది. ఒక్కటే అడుగుతున్న, మేకు నడిమిల కొట్టాల్నా, మూలకా? జల్ది రాయి.

మామ
భోజన్న


తంతి
పుణె, 30 సెప్టెంబర్ 2005

మేకు వద్దు. ఏ మేకూ వద్దు. నడుమా వద్దు మూలా వద్దు. బ్యాటరీ ముట్టొద్దు. స్వరూప.


బోధన్
1 అక్టోబర్ 2005
(కార్డు)

స్వరూపా, తంతి ముట్టింది. ఎవలు పోయిండ్రని అడగకముందే మీ అత్త శోకం పెట్టింది. పక్కింటోళ్ళు ముగ్గురొచ్చి ఆమెతోని కలిసి ఏడ్చి, సంగతి తెలిసినంక చాయ తాగిపోయిండ్రు. ఇంత చిన్న మాటకు తంతి కొడతరా?

ఆగుమంటవు. ఎట్ల ఆగుత? గల్లీకి మాటిచ్చిన. తంతి సంగతి తెలిసి రాజమల్లు, "పిల్ల ఒద్దన్నదట, భోజన్న ఎనకకు జరిగిండు" అని అరుగు మీద అంటున్నడు. ముప్పై ఎనిమిదేండ్లల నా చేతికింద ఒక్క ప్రమాదం జరగలేదు. ఇప్పుడు వేలెడంత డబ్బకు భయపడ్డడంటె నా పరువేమి కావాలె? రిటైరయిన మనిషికి మాట తప్ప ఇంకేమున్నది బిడ్డా. నేను ఆగ. నువ్వు ఫికరు పడకు. భోజన్న.


పుణె
6 అక్టోబర్ 2005

మామా,

కార్డు చేరింది. నాకు చాలా కోపం వచ్చింది. కోపంతోనే రాస్తున్నాను, అక్షరాలు గట్టిగా ఉంటే సర్దుకో.

నిన్న మొయినుద్దీన్ చాచా షాపుకు ఫోను చేసి, ఎలాగైనా నిన్ను ఆపమని బతిమాలాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "బేఫికర్ ఉండు బిడ్డా, ఆరించుల మేకు తెచ్చిన, తుప్పు లేదు" అన్నాడు. ఇద్దరికిద్దరూ! రైలెక్కి నేనే వద్దామంటే ఈ వారం ల్యాబుకు పైనుంచి తనిఖీ ఉంది, సెలవు అడిగితే సారు చేతులు జోడించాడు. ఈ కాగితం పదో తారీఖుకల్లా బోధన్ చేరుతుందని పోస్టాఫీసు గుమాస్తా రెండుసార్లు చెప్పాడు. ఆయన మాట నమ్మి రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. నేను మేకు కొట్టే గది ఉక్కు గది అని నీకు రాయలేదు. తలుపు జానెడు మందం. మేకు కొట్టేది యంత్రం. నేను బయట నిలబడి చిన్న అద్దంలోంచి చూస్తాను. మొన్న చూస్తుండగా మంచి బ్యాటరీయే, ఉబ్బింది కూడా కాదు, మేకు దిగిన రెండు సెకన్లకు మంటై గదంతా పొగ నింపింది. మీటరు ఆరు వందల డిగ్రీలు చూపించింది. చాచా పట్టుకారు ఎంత పొడుగు మామా?

కాశయ్య చెరుకు గానుగ గుర్తుందా? రుద్రూర్ దారిలో. నాకు తొమ్మిదేళ్ళు. గానుగ వెనక చెరుకుపిప్పి కొండలా పోసి ఉండేది. దాని మీంచి సన్నగా ఆవిరి వస్తోందని నేను కట్టె తెచ్చి పొడవబోయాను. నువ్వు పరుగెత్తుకొచ్చి చెంప మీద ఒక్కటిచ్చావు. నన్ను నువ్వు కొట్టింది అదొక్కసారే. ఆ తర్వాత ఏడుస్తున్న నన్ను భుజాన వేసుకుని చెప్పావు, "పిప్పి పైకి సల్లగనే ఉంటది బిడ్డా, కడుపుల కాలుతుంటది. కాలినకొద్ది ఇంకింత కాలుతది, దానికదే. పొడిస్తె గాలి తగిలి బుస్సుమంటది." రెండు రోజులకు ఆ కొండ దానంతటదే అంటుకుంది. ఎవరూ నిప్పు పెట్టలేదు.

ఇక్కడ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినప్పుడు, లిథియం బ్యాటరీ ఎందుకు ఆగకుండా కాలుతుందో చెప్పమన్నారు. వేడికి మందులు కాలతాయి, ఆ కాలడం ఇంకా వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి ఇంకా కాలుతుంది. నేను నీ పిప్పి కొండ కథ చెప్పాను. ఉద్యోగం ఇచ్చారు. ఇవాళ ఆ పిప్పి కొండ మీ ఇంట్లో అగ్గిపెట్టె అంత అయి కూర్చుంది, కట్టె నీ చేతిలో ఉంది. చెంప మీద కొట్టడానికి నేను దగ్గర లేను.

ఇక రూలు. నువ్వే నేర్పిన రూలు. అటెండెంటు తన బాయిలర్‌ను తానే ఇన్‌స్పెక్షను చేయొచ్చా? చేయకూడదు. బయటినుంచి ఇన్‌స్పెక్టరు రావాలి. ఇన్‌స్పెక్టరు రాకముందు అటెండెంటు ఒక్క నట్టు ముట్టొచ్చా? ముట్టకూడదు. ఈ రకం డబ్బకు ఇన్‌స్పెక్టరు ఎవరు? నేను. నా సంతకం లేనిదే బజారుకు పోదని రాజమల్లుకు చదివి వినిపించింది నువ్వే.

నీ లాగ్ బుక్కు పేజీలు తెరిచి పెట్టుకుని చూశాను. సెప్టెంబర్ మూడు వరకు "చల్లగ", మహా అయితే "గోరువెచ్చగ". నాలుగున కొత్త చార్జరు, అప్పటినుంచి "వేడి". ఆరున "చెయ్యి ఆనదు". ఎనిమిదిన "పొట్ట". రోజు, గంట, కారణం అన్నీ ఉన్నాయి. జబ్బు ఎప్పుడు ఎందుకు మొదలైందో ఇంత స్పష్టంగా రాసిన కాగితం మా ల్యాబుకు ఇంతవరకూ రాలేదు. మా సారు దానికి నకలు తీయించి గోడకు అంటించాడు. నీ పని నువ్వు పూర్తిగా చేశావు మామా. మిగిలింది నాది.

ఆ లాగ్ బుక్కు చూసి ఇన్‌స్పెక్టరు హోదాలో రాస్తున్నాను: బోధన్‌లో భోజన్న గారి చేతికింద ఉన్న బ్యాటరీ తనిఖీలో ఫెయిలయింది. ఇక నడపరాదు. పొడవరాదు. పొడి ఇసుక బకెట్‌లో ఇంటికి దూరంగా ఉంచి అటెండెంటు కాపలా కాయాలి. దీపావళికి నేనొచ్చి చూసుకునేదాకా ఎవరూ ముట్టరాదు.

సంతకం కింద పెట్టాను. గట్టిగా పెట్టాను, వెనక అచ్చు పడింది చూడు.

ఇది చదివాక కూడా నువ్వు మేకు పట్టుకుంటే నేనేమీ చేయలేను. నాకు నీ చేతులు కావాలి మామా. అంతే.

స్వరూప


బోధన్
13 అక్టోబర్ 2005

ఇన్‌స్పెక్టరు స్వరూప గారికి,

అటెండెంటు భోజన్న రాసుకునే రిపోర్టు.

తమరి ఆర్డరు పదకొండో తారీఖు సాయంత్రం నాలుగింటికి ముట్టింది. మీ అత్త సద్దుల బతుకమ్మకు పూలు పేరుస్తున్నది. నేను అరుగు మీద కూసొని చదివిన. పిప్పి కాడికి వచ్చినంక చదువుడు ఆగింది. కండ్లద్దాలు తుడిచి మళ్ళ మొదలుపెట్టిన. ఆ దినం నిన్ను కొట్టినంక నేను అన్నం తినలేదు. ఇది నీకు తెల్వదు. మీ అత్తకు కూడ చెప్పలేదు, చెరుకురసం తాగిన ఆకలైతలేదన్న.

దసరా పొద్దున తొమ్మిదింటికి నూరు మంది దాక జమైండ్రు. రాజమల్లు కుర్చీ తెచ్చుకున్నడు. మొయినుద్దీన్ మేకుకు నూనె పెట్టుకొచ్చిండు. నేను లేచి తమరి ఆర్డరు మొదటినుంచి చివరిదాక చదివిన. సంతకం అచ్చు ఎనకదిక్కు తిప్పి అందరికి చూపించిన. "ఇన్‌స్పెక్టరు ఫెయిలన్నది. రూలు రూలే. అటెండెంటు ముట్టొద్దు" అన్న. రాజమల్లు, "నీ ఇంట్ల పెరిగిన పిల్ల నీకు ఇన్‌స్పెక్టరేందే?" అన్నడు. "అవును, నా ఇంట్ల పెరిగిన పిల్లనే నాకు ఇన్‌స్పెక్టరు. నీకెవలున్నరు?" అన్న. కుర్చీ మడతపెట్టుకున్నడు.

జనం అంత దూరం వచ్చిండ్రు గద, ఉత్తగ ఎట్ల పంపుత? గుమ్మడికాయకు పూజ చేసి మొయినుద్దీన్‌తోని దానికే మేకు కొట్టించిన. ఆరించులు నిండ దిగింది. మంట లేదు, పొగ లేదు. "గుమ్మడికాయ పాసైంది!" అని పోరగాళ్ళు అరిచిండ్రు. మీ అత్త దాన్ని పప్పుల ఏసింది. మొయినుద్దీన్ తన చార్జరును తనే రాతి మీద పెట్టి సుత్తెతోని కొట్టిండు. "తోబా తోబా, బిడ్డకు చెప్పకు" అన్నడు. చెప్పక తప్పదు, రిపోర్టుల రాయాలె.

నిజం చెప్పాల్నా బిడ్డా? నాకు ముందునుంచే భయమున్నది. ముప్పై ఎనిమిదేండ్లు ప్రమాదం లేకుండ చేసిందే ఆ భయం. కాని నాకు నేను ఎనకకు జరిగెటందుకు తొవ్వ లేకుండె. నువ్వు ఆర్డరు ఏసి తొవ్వ చేసినవు.

బ్యాటరీ ఇసుక బకెట్ల ఉన్నది. ఇసుకను పెనం మీద ఏంచి ఆరబెట్టి పోసిన. బకెటు మీద సుద్దతోని "ఫెయిల్" అని రాసిన. ఇంటికి ఇరవై అడుగుల దూరం, చుట్టూ ఆకు లేదు, గడ్డి లేదు. తడిగుడ్డ కప్పబోతే మీ అత్తను రెండుసార్లు ఆపిన.

ప్రతి దసరాకు నువ్వు జమ్మి ఆకు నా చేతుల పెట్టి కాళ్ళు మొక్కేదానివి. ఈసారి జమ్మి నేను పంపుతున్న, కవరుల ఉన్నది. ఫ్యాక్టరీకి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడల్లా నేను లేచి నిలబడేటోణ్ణి. దీపావళికి నువ్వు వాకిట్లకు వచ్చినప్పుడు కూడ లేచి నిలబడత. నవ్వొద్దు. వద్దనొద్దు.

వచ్చేటప్పుడు ఎలుక కొరకని చార్జరు తే.

లాగ్ బుక్కు, 13 అక్టోబర్:
ఉదయం 6. బకెటు చల్లగ. రిమార్కులు లేవు.
ఉదయం 7. బకెటు చల్లగ. రిమార్కు: కోడి ఎక్కింది, దించిన.
ఉదయం 8. బకెటు చల్లగ. అటెండెంటు చేతులు: రెండు.

భోజన్న
అటెండెంటు